గొలుసు ఉపవాసం

సునీల్ నోట ఎప్పుడూ వినపడే మాట ఒకటుంది. "నేను చూసుకుంటాను." నోయిడాలో ఆఫీసు సర్వర్ మొరాయించినా, ఫరీదాబాద్‌లో తాముండే అపార్టుమెంటు లిఫ్టు ఆగిపోయినా, ఆదివారం తెలుగు క్రైస్తవ సహవాసం కోసం అద్దెకు తీసుకున్న స్కూలు హాలు తాళంచెవి కనపడకపోయినా, అతను ఆ మాటే అనేవాడు. అన్నట్టే చూసుకునేవాడు కూడా, అది ఒప్పుకోవాలి. చేతకానివాడైతే అసలు ఈ కథే లేదు. చేతనైనవాడితోనే వచ్చింది చిక్కంతా.

అతనిది చీరాల. పదిహేడో ఏట సముద్రంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఢిల్లీ వచ్చాక సహవాసంలో సంఘపెద్దగా ఎన్నికయ్యాడు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఆరాధన జరిగినప్పుడు రొట్టె పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య తిరిగేది అతనే. సాక్ష్యం చెప్పమంటే తడుముకోకుండా చెప్పేవాడు. "ఆ రోజు నా బతుకు ప్రభువుకి అప్పగించాను" అనే చోట గొంతు ఒక్కసారి వణికేది. ప్రతిసారీ సరిగ్గా అక్కడే వణికేది. అప్పగించిన మాట నిజమే. కాకపోతే బండి ఆయనకిచ్చి పగ్గాలు తన దగ్గర ఉంచుకున్నాడు.

కష్టంలో ఉన్నవాళ్ళెవరైనా "అంతా దేవుడి చిత్తం" అని కూర్చుంటే అతనికి ఒళ్ళు మండేది. గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటే ఎట్లా అని వాళ్ళని దులిపేసేవాడు. తరవాత వాళ్ళ పని తనే చేసిపెట్టేవాడు. అందుకే అతని మాట అందరికీ చేదుగా ఉండేది, అయినా అతను అందరికీ కావలసి వచ్చేవాడు.

అటువంటివాడి ఇంట్లో కూతురు అన్నం మానేసింది.

నేహా ఒక్కతే కూతురు, పన్నెండో తరగతి. తెలుగు అర్థమవుతుంది గాని జవాబు హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. మొదట అన్నం వద్దంది. ఢిల్లీ పిల్ల కదా, రొట్టె తింటుందిలే అనుకున్నారు. తరవాత రొట్టె వద్దంది. ఈ వయసు ఆడపిల్లలకి మామూలేనని తల్లి కల్పన నవ్వేసింది. ఎండలు ముదిరినా పిల్ల స్వెటరు విప్పకపోవడం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకు మొదలైందో ఎవరికీ తెలియదు, నేహాకి కూడా. డాక్టరమ్మ చూసి జబ్బు పేరు చెప్పింది. ఇది మొండితనం కాదని, మనసులో పుట్టి ఒంటిని తినేసే జబ్బని, ఇంట్లో తిట్టినా బతిమాలినా తగ్గదని విడమరచి చెప్పింది. సునీల్ అంతా విని "నేను చూసుకుంటాను" అన్నాడు.

చూసుకున్నాడు. కంచం పక్కనే కూర్చున్నాడు. ఆఫీసు నుంచి పూటపూటకీ ఫోను చేసి "తిన్నావా?" అని అడిగాడు. "హాఁ డాడీ" అని జవాబొచ్చేది. ఇంటికొచ్చి చెత్తడబ్బా మూత తీస్తే రొట్టెలు అందులో ఉండేవి. బతిమాలాడు, తిట్టాడు, బాదంపప్పు నూరి పాలల్లో కలిపి దొంగచాటుగా తాగించబోయాడు. ఒకరోజు ఓర్పు చచ్చి, దవడ పట్టుకుని బలవంతాన ముద్ద నోట్లో కుక్కాడు. పిల్ల ఆ ముద్దని అరచేతిలోకి ఉమ్మేసి తండ్రి వంక చూసింది.

ఇక మిగిలింది గొలుసు ఉపవాసం. సహవాసంలో ఎవరికి పెద్ద ఆపద వచ్చినా ఇది చేస్తారు. రోజుకో కుటుంబం వంతు తీసుకుని, పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఏమీ తినకుండా ప్రార్థించి, మర్నాటివాళ్ళకి ఫోను చేసి వంతు అప్పజెబుతుంది. మధ్యలో ఒక్క వంతు తప్పినా గొలుసు తెగినట్టే. అలాగని ఎక్కడా రాసిలేదు, కాని అందరి మనసుల్లోనూ ఉంది. సునీల్ ఈ పని కూడా తన ధోరణిలోనే చేశాడు. ఎవరి వంతు ఏ రోజో తనే నిర్ణయించి, ఆఖరి వంతు, అంటే బల్ల ముందురోజు శనివారం, తను పెట్టుకున్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. హాల్లో అందరి ముందూ నిలబడి, "వచ్చే బల్లకి నా కూతురు మీ అందరి మధ్యలో కూర్చుని రొట్టె తింటుంది" అని ప్రకటించాడు. అందరూ ఆమెన్ అన్నారు. పాస్టరు ధర్మయ్య గారు ఒక్కరే ఏమీ అనలేదు. ఆయన సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి, ఒక్క మాట కూడా వృథా చేయడు.

బల్లకి నాలుగు రోజుల ముందు నేహా మెట్ల మీద కళ్ళు తిరిగి పడింది. డాక్టరమ్మ నాడి చూసింది, రక్తం పరీక్ష చూసింది, ఈ రోజే చేర్పించండి అంది. సునీల్ ఆదివారం దాకా గడువడిగాడు. ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఈ పిల్ల గుండె మీ ఆదివారం దాకా ఆగుతుందని నేను హామీ ఇవ్వలేను అని హిందీలో మెల్లగా చెప్పింది.

కార్లో కల్పన నోరు విప్పింది.

"చేర్పిద్దామండీ."

"అందరూ మన కోసం ఉపవాసాలుంటుంటే మధ్యలో ఆసుపత్రికి తీసుకుపోతే ఇంకేం విశ్వాసం? నాలుగు రోజులు. నేను చూసుకుంటాను."

ఆ మాటలో విశ్వాసం ఎంతో, పరువు ఎంతో విడదీసి చూపించమంటే అతనికీ చేతనయ్యేది కాదు. కల్పన మళ్ళీ మాట్లాడలేదు. భర్త పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆవిడకి పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. ఆ రోజు నుంచి కూతురి మంచం పక్కనే నేల మీద పడుకోవడం మొదలుపెట్టింది. ఊపిరి ఆడుతోందా లేదా అని పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది. పెళ్ళాన్ని అట్లా చూసి కూడా సునీల్ మనసు మార్చుకోలేదు. అంత గట్టివాడు.

శనివారం వచ్చింది. సునీల్ పొద్దుట నుంచి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. మధ్యాహ్నం తలుపు గంట మోగింది. గుమ్మంలో హనుమాయమ్మ గారు, చేతిలో స్టీలు క్యారియరు. ఆవిడ కొడుకు సైన్యంలో ఉన్నాడు, ధౌలా కువాన్ దగ్గర క్వార్టర్స్‌లో ఉంటారు. అంత దూరం నుంచి మెట్రోలో ఒక్కతే వచ్చింది. షుగరు మనిషి. ఉపవాసం వంతు ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. తనే పట్టుబట్టి గురువారం వంతు అడిగి తీసుకుంది.

సోఫా అంచున కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. మంచినీళ్ళిస్తే పక్కన పెట్టేసింది.

"నాయనా సునీలూ, ఒక మాట చెప్పకుండా ఉండలేక వచ్చినా. గురువారం నా వంతు గదా. పొద్దెక్కేసరికి కళ్ళు చీకట్లు కమ్మినై. కాళ్ళూ చేతులూ వణుకు. కోడలు చూస్తే గోల చేస్తదని వంటింట్లో నిలబడి నాలుగు ముద్దలు తిన్నా. సాయంత్రం నువ్వు ఫోను చేసినప్పుడు చెప్పటానికి నోరు రాలా."

సునీల్‌కి పొద్దుటి నుంచి ఉన్న నీరసమంతా ఒక్కసారి కోపంగా మారింది.

"ముందే చెబితే ఇంకొకళ్ళని పెట్టేవాణ్ణి కదా ఆంటీ. ఇంతమంది ఇన్నాళ్ళు పస్తులుండి కట్టుకొచ్చిన గొలుసు, మీ నాలుగు ముద్దలకి తెగిపోయింది. అక్కడ నా కూతురి ప్రాణం ఉంది. తెలుసా మీకు?"

హనుమాయమ్మ గారి మొహం మాడిపోయింది.

"అయితే నా మూలానేనా నాయనా, బిడ్డకి తగ్గంది?"

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎవరైనా అంటారు. సునీల్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ క్యారియరు బల్ల మీద పెట్టింది. పాప కోసం పెసరపప్పూ అన్నం తెచ్చానని, తినకపోయినా ఇంట్లో ఉంచండని కల్పనతో చెప్పి లేచింది. లేచేటప్పుడు మోకాలు పట్టేసింది. కల్పన చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించి వస్తానని ఆవిడతో కిందికి దిగింది. వెళుతూ భర్త వైపు చూడను కూడా చూడలేదు.

"డాడీ."

లోపలి గది నుంచి పిలుపు. ఎంత సన్నగా వచ్చిందంటే, పిలిచిందో లేదో అన్నట్టుంది. సునీల్ వెళ్ళాడు. బయట ఎండ కాస్తోంది, పిల్ల రెండు రజాయిల కింద ఉంది. మొహం ఒక్కటే కనపడుతోంది. అందులోనూ కళ్ళే కనపడుతున్నాయి.

"ఆంటీని ఎందుకు తిట్టారు?"

తెలుగులో అడిగింది. ఆ పిల్ల తనంతట తను తెలుగులో మాట్లాడి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు లేదు.

"తిట్టలేదమ్మా. ఆవిడ తప్పు చేసింది, చెప్పాను."

"ఆంటీ తిన్నది. తింటే తప్పా?"

సునీల్ మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"మీరు పొద్దుట నుంచి తినలేదు కదా," అంది నేహా. ఒక్కొక్క మాటా వెతుక్కుని, మధ్యలో ఊపిరి తీసుకుని మాట్లాడుతోంది. "లోపల ఎలా ఉంది? స్ట్రాంగ్‌గా ఉంది కదా? అంతా నా చేతిలోనే ఉంది, అట్లా?"

అతను ఉలిక్కిపడ్డాడు. పొద్దుట నుంచి సరిగ్గా అట్లాగే ఉంది అతనికి. ఈ ఒక్క రోజు తను గట్టిగా పట్టు పడితే రేపటికి దేవుడు దిగిరాక తప్పదని, ఆకలి పెరిగినకొద్దీ లోపల ఒక ధీమా పెరుగుతూ వస్తోంది.

"నాకు కూడా అట్లానే ఉంటుంది డాడీ. రోజూ." పిల్ల వెటకారం చేయడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. "మీరు తినకపోతే ప్రేయర్. నేను తినకపోతే బీమారీ. ఎందుకు?"

సునీల్ కుర్చీ మంచానికి ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు.

"నేను ఆపాలి అనుకుంటా డాడీ. ఆపలేకపోతున్నా. మీరు ఆపగలరా?"

అందరికీ అన్నీ చూసిపెట్టే మనిషికి, కన్న కూతురు మొదటిసారి నోరు విడిచి అడిగితే, ఇవ్వడానికి ఏమీ లేకపోయింది. "పడుకోమ్మా" అన్నాడు. రజాయి సరిచేశాడు. లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

ప్రార్థించాలని మోకరించాడు. గ్యాసు సిలిండరుకీ ఫ్రిజ్‌కీ మధ్య మనిషి పట్టేంత చోటే ఉంది. ఇన్నేళ్ళుగా నోటికి వచ్చిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఏ మాట దగ్గర గొంతు వణకాలో కూడా గుర్తొచ్చింది. వాటిలో ఒక్కటి కూడా అనలేకపోయాడు. తను దేవుణ్ణి అడిగిందేమీ లేదు. పనులు పురమాయించాడు, గడువు పెట్టాడు, తేదీ హాల్లో ప్రకటించాడు. పిల్ల ప్రాణాన్ని అడ్డం పెట్టి దేవుడితో మాట నెగ్గించుకోవాలని చూశాడు. మధ్యలో ఒక ముసలావిడ ఆకలికి ఆగలేకపోతే ఆ పాపం ఆవిడ నెత్తిన రుద్దాడు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కిపోయాయి. ఆ వెనకే భయం వచ్చింది. పిల్ల చచ్చిపోతుందేమోనన్న భయం, ఇన్నాళ్ళూ దగ్గరికి రానివ్వని భయం, ఒక్కసారిగా మీద పడింది. సిలిండరుని పట్టుకుని ఏడ్చాడు.

"ప్రభువా, నాకు చేతకాదు," అన్నాడు. "దీన్ని నేను చూసుకోలేను. పిల్ల నీది. నేనూ నీవాణ్ణే. ఏం చేస్తావో నాకు తెలియదు."

అంతే ప్రార్థన. ఏ వెలుగూ కనపడలేదు, ఏ స్వరమూ వినపడలేదు. పక్కింటివాళ్ళ మిక్సీ ఆగకుండా తిరుగుతూనే ఉంది. నిండా మునిగినవాడికి చలేమిటని సామెత. చీరాల సముద్రంలో మునిగి లేచాననుకున్న మనిషి ఇన్నేళ్ళూ మెడ దాకానే దిగి, తల నీళ్ళకి అందకుండా కాచుకుంటూ వచ్చాడు. ఆ మధ్యాహ్నం, సిలిండరు పక్కన, నీళ్ళు నెత్తి మీదికి వచ్చాయి. భయం తగ్గలేదు. కాని దాన్ని ఒక్కడే మోయాలన్న పట్టు మాత్రం ఎక్కడో జారిపోయింది, అది అతనికి తెలిసింది.

లేచి, ముందుగదిలో బల్ల మీదున్న క్యారియరు వంటింట్లోకి తెచ్చి విప్పాడు. పప్పూ అన్నం ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. అక్కడే నేల మీద కూర్చుని చేత్తో కలుపుకుని తిన్నాడు. కల్పన తిరిగొచ్చి వంటింటి తలుపు తోసేసరికి, భర్త ఏడుస్తూ అన్నం తింటున్నాడు.

"నాకు చేతకావట్లేదు కల్పనా," అన్నాడు. "ఆసుపత్రికి పోదాం."

ఆదివారం సంగతేమిటని ఆవిడ అడగలేదు. గొలుసు మాట ఎత్తలేదు. గదిలోకి వెళ్ళి మంచం కింద నుంచి ఒక సంచి లాగింది. నేహా బట్టలు, బ్రష్షు, దువ్వెన, రిపోర్టులు అన్నీ అందులో సర్దేసి ఉన్నాయి. డాక్టరమ్మ చేర్పించమన్న రోజే సర్ది, దాచిపెట్టుకుంది. ఆ సంచిని చూసి సునీల్ తల వంచుకున్నాడు.

పిల్లని ఎత్తుకుని లిఫ్టు దగ్గరికి నడిచాడు. చిన్నప్పుడు నిద్రపోతే ఎత్తుకున్నంత కూడా బరువు లేదు. అందుకు మళ్ళీ దుఃఖం వచ్చింది. కారు ఎక్కేముందు హనుమాయమ్మ గారికి ఫోను చేశాడు. అవతల మెట్రో రొద.

"ఆంటీ, మీ వల్ల కాదు. నాదే తప్పు. మీరు తెచ్చిన అన్నం నేను తినేశాను."



"ఉప్పు సరిపోయిందా నాయనా?" అంది ఆవిడ.

ఆసుపత్రిలో చేర్చుకునే పని ఎంతసేపో పట్టలేదు. నర్సులు పిల్లని తీసుకున్నారు, చేతికి సూది పెట్టారు, ఛాతీకి తీగలు తగిలించారు. ఆలస్యంగా వచ్చారని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. గుండె తేరుకోవాలని, మొదటి రోజులు గండమని, ఆ తరవాత కూడా ఇది నెలల పని, ఒక్కొక్కసారి ఏళ్ళ పని అని చెప్పింది. తగ్గుతుందా అని సునీల్ అడగలేదు. ఆమెకి తెలిస్తే చెప్పేదే. ఆ వార్డులో ఒక నియమం ఉంది. భోజనం వేళ తల్లిదండ్రులు లోపల ఉండకూడదు. నర్సు ఒక్కతే పిల్ల దగ్గర కూర్చుంటుంది. తలుపు వేసేస్తారు. కంచం పక్కన కాపలా కూర్చోవడమే పనిగా పెట్టుకున్న మనిషి తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాడు.

ఆదివారం సాయంత్రం ధర్మయ్య గారు వచ్చారు. హాలుకి రాలేని రోగులకి బల్ల అయ్యాక రొట్టె పట్టుకెళ్ళడం సహవాసంలో ఆనవాయితీ. ఎప్పుడూ ఆయన వెంట ఆ డబ్బా మోసుకెళ్ళేది సునీలే. ఇవాళ ఆయనే దాన్ని చేతిరుమాల్లో చుట్టి మెట్రోలో తెచ్చారు. పాప ఆసుపత్రిలో ఉందని మాత్రం హాల్లో చెప్పానని, అంతకు మించి ఏమీ చెప్పలేదని అన్నారు. సునీల్ లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఇన్నేళ్ళూ నేను అప్పగించింది ఏమీ లేదు. నిన్ననే తెలిసింది. ఈ రొట్టెకి నేను తగను."

ధర్మయ్య గారు డబ్బా మూత తీశారు.

"తగినవాళ్ళకైతే ఇంత దూరం మోసుకురావటం దేనికయ్యా? చెయ్యి చాపు."

ఎన్నేళ్ళుగానో అందరికీ పంచిన మనిషికి, పుచ్చుకునేటప్పుడు చేతులు ఎలా పట్టుకోవాలో తోచలేదు. రెండు అరచేతులూ కలిపి చాపాడు. గోరంత ముక్క. నోట్లో పెట్టుకున్నాడు. బెంచీ మీద పక్కనే కూర్చున్న కల్పన కూడా తీసుకుంది. ఆయన ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టి, ప్రార్థన గట్టిగా చేయకుండా మనసులోనే చేసుకుని, తలుపు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు. లోపల పిల్లకి భోజనం వేళ అయింది. ఆ పిల్లకి రొట్టె ఇస్తానని ఆయనా అనలేదు, ఇవ్వమని సునీలూ అడగలేదు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. వార్డు ఆయా దీదీ భోజనం పళ్ళెం పట్టుకుని బయటికొచ్చింది. పళ్ళెం మీద స్టీలు మూత ఉంది. ఆమె సునీల్ ముందు నుంచే నడిచింది. ఆ మూత తీసి చూడాలని అతని చెయ్యి నిజంగానే లేచింది. చెత్తడబ్బా మూతలు తీసి తీసి అలవాటైన చెయ్యి. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. దీదీ వరండా చివరికి వెళ్ళి మలుపు తిరిగింది. ఆ పళ్ళెంలో ఏం మిగిలిందో అతనికి తెలియలేదు.

కొద్దిసేపు చూసి రావచ్చని నర్సు అంది. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నేహా దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళ కింద తడి ఆరిన చారలు. పెదాలు పగిలి ఉన్నాయి. కల్పన మంచం మీద కూర్చుని జుట్టు నిమరసాగింది. సునీల్ కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. పూటపూటకీ అడిగిన ఆ ఒక్క ప్రశ్నే నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపుకున్నాడు.

పిల్లే తండ్రి వైపు చూసింది.

"మీరు తిన్నారా డాడీ?"

"తిన్నానమ్మా," అన్నాడు సునీల్. ఇంకేమీ అడగకుండా, రజాయిలోంచి బయటికి వచ్చిన ఆ చల్లటి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.